రూపాయి బిళ్ళకు బరువు చెప్పిన యంత్రం

రైల్వే ప్లాట్‌ఫారాల మీదా, సినిమా హాళ్ల వరండాల్లోనూ, బస్టాండుల్లోనూ నిలబడి, బిళ్ళ వేస్తే బరువు చెప్పిన పాత యంత్రంలో రెండు వేరువేరు పనులు ఒకే పెట్టెలో జరుగుతాయి. తూచే పని పూర్తిగా ఇనుముది: మెట్టు కింద మీటలు, నిలువుగా ఓ కడ్డీ, పైన స్ప్రింగులు, అంకెల చక్రం. టికెట్టు కొట్టి ఇచ్చే పని కరెంటుది: మోటారు, స్విచ్చులు, దీపాలు. కరెంటు లేకపోయినా మనిషి మెట్టెక్కితే అంకెల చక్రం తన చోటికి తిరుగుతుంది. ఆ అంకెను అట్టముక్క మీదికి దించి బయటికి పంపడానికే మోటారు కావాలి. ఈ రెండు పనులనూ విడదీసి చూడడం వస్తే, సగం భాగాలు పోయిన యంత్రాన్ని కూడా మళ్ళీ నడిపించే దారి దొరుకుతుంది.

ఎక్కినవాళ్ళకు ఇదంతా కనిపించేది కాదు. అద్దం వెనక ఎరుపు, పచ్చ, పసుపు దీపాలు మినుకుమినుకుమంటుండేవి. గళ్ల బిళ్ళ ఒకటి గిర్రున తిరిగేది. అది ఆగేదాకా బిళ్ళ వెయ్యొద్దని పక్కనే రాసి ఉండేది. వేశాక లోపల ఏదో గరగరలాడి, కింది తొట్టిలో దళసరి టికెట్టు పడేది. ఓ వైపు బరువు, దాంతోపాటు జాతకం లాంటి ఓ వాక్యం. రెండో వైపు సినిమా తార బొమ్మ. బొమ్మల కోసమే బిళ్ళలు వేసిన పిల్లలు ఎందరో. గళ్ల బిళ్ళ ఆగేదాకా ఆగమనడంలో కారణం ఉంది. మనిషి ఎక్కగానే స్ప్రింగు కాసేపు పైకీ కిందికీ ఊగుతుంది. ఊగుతుండగా అచ్చుపడితే పడేది తప్పుడు అంకె.

నాణెం బరువుతో మీటను కదిలించడమన్న ఆలోచన చాలా పాతది. క్రీస్తుశకం తొలి శతాబ్దంలో అలెగ్జాండ్రియాకు చెందిన హీరో, నాణెం పడితే గుళ్ళో పవిత్రజలం కాస్త వదిలే పరికరాన్ని వర్ణించాడు. 1880లలో పెర్సివల్ ఎవరిట్ అనే ఇంగ్లీషు ఇంజనీరు నాణెంతో పనిచేసే తూకం యంత్రానికి పేటెంటు పొందాడు. అమెరికాలో చార్లెస్ ఫే చేసిన మూడు చక్రాల జూదపు యంత్రం లిబర్టీ బెల్ ఆ శతాబ్దం ముగిసేలోపే శాన్‌ఫ్రాన్సిస్కో బార్లలోకి చేరింది. 1960ల మొదట్లో బాలీ కంపెనీ మనీ హనీతో ఆ యంత్రాలకు కరెంటు మోటారు, 500 నాణేల దాకా తనంతట తానే చెల్లించే తొట్టి వచ్చాయి. అమెరికాలో ఇప్పుడు వీటిని సేకరించి బాగుచేసేవాళ్ళు చాలామంది. కాలిఫోర్నియాలో 25 ఏళ్లు దాటిన యంత్రాన్ని జూదానికి వాడకుండా ఇంట్లో ఉంచుకోవడానికి చట్టం ఒప్పుకుంటుంది. తెలుగు రాష్ట్రాల్లో 1974 నాటి గేమింగ్ చట్టం ఉండడంతో అలాంటివి ఊళ్ళల్లో కనిపించలేదు. మన బజారులో జనం బిళ్ళ వేసి ఎరిగిన మోటారు యంత్రమంటే బరువు మిషనే. నాణెం గాడి, స్విచ్చు, మోటారు, ఒక్క చుట్టు తిరిగి ఆగే క్యామ్‌ల (గంట్లున్న చక్రాల) కడ్డీ రెండింట్లోనూ ఒకే రకం. అందువల్ల ఒకదాన్ని బాగుచేసే పద్ధతి రెండోదానికీ పనికొస్తుంది.

మూడు ఊళ్ళు, మూడు రకాల పనితనం

తెలంగాణలోని సూర్యాపేట, కోదాడలకు రైలు లేదు. రెండూ హైదరాబాదు–విజయవాడ జాతీయ రహదారి మీది ఊళ్ళు. మిర్యాలగూడ మాత్రం బీబీనగర్–నడికుడి రైలు మార్గం మీద ఉంది. ఈ ప్రాంతపు జనం ప్లాట్‌ఫారం బరువు మిషన్లను ఎక్కువగా చూసింది విజయవాడ, ఖమ్మం, సికింద్రాబాద్ లాంటి పెద్ద స్టేషన్లలోనే. కానీ అలాంటి యంత్రాన్ని బాగుచేయడానికి కావలసిన చేతులు పెద్ద నగరాల కంటే ఈ మూడు ఊళ్ళల్లోనే దగ్గరదగ్గరగా దొరుకుతాయి. ఈ మాట ఊరి మీది అభిమానంతో అన్నది కాదు. ఈ ఊళ్ళ బతుకుతెరువే ఆ పనితనాన్ని తెచ్చిపెట్టింది.

1967లో నాగార్జునసాగర్ నీళ్ళు కాలువల్లోకి వదిలాక ఎడమ కాలువ కింద వరి పెరిగింది. వరి వెంట మిర్యాలగూడలో బియ్యం మిల్లులు వెలిశాయి. మిల్లులో షాఫ్టు అరిగినా బుష్ పోయినా కంపెనీ నుంచి కొత్తది వచ్చేదాకా మరను ఆపి కూర్చోవడం కుదరదు. విరిగిన ముక్కను చూసి అలాంటిదే లేతు మీద తీసిచ్చేవాళ్ళు ఊళ్లోనే ఉండాలి. వడ్లు వచ్చే చోట కాటా తప్పదు, కాటా ఉన్నచోట దాన్ని సరిచేసేవాళ్ళూ తప్పరు. సూర్యాపేట పెద్ద వ్యవసాయ మార్కెట్టు ఉన్న ఊరు. అక్కడ కూడా తూకమే వ్యాపారానికి ఆధారం. కోదాడ ఆంధ్ర సరిహద్దుకు ముందు లారీలు ఆగే ఊరు. స్ప్రింగు పట్టీలు, గేర్లు, డైనమో వైండింగు అక్కడి రోజువారీ మాటలు. పొలాల బోరు మోటార్లు కాలిపోయే ప్రాంతం కనుక కాయిల్ చుట్టే కొట్టు మూడు ఊళ్ళల్లోనూ ఉంటుంది. బరువు మిషనుకు కావలసినవి కూడా లేతు, కాటా, స్ప్రింగు, వైండింగు పనులే.

పాత ఇనప సామాన్ల కొట్టుకు చేరేసరికి ఇలాంటి యంత్రంలో కొన్ని భాగాలు తప్పకుండా పోయి ఉంటాయి. రాగి కోసం మోటారు, ఇత్తడి కోసం నాణెం గాడి, అంకెల చక్రం ముందే ఊడదీస్తారు. డబ్బుల పెట్టె తాళం బద్దలై ఉంటుంది. అద్దం పగులుతుంది. చివరికి మిగిలేది పోత ఇనుము: మెట్టు, అడుగు మీటలు, పెట్టె గోడలు. కొత్తవాళ్ళు అద్దం, దీపాలు పోయాయని బాధపడతారు. నిజానికి అవి తేలిగ్గా దొరికేవే. ఆ పోత మీటలు పగిలి ఉంటే మాత్రం పని చాలా కష్టం.

కరెంటు పెట్టకముందు

దొరికిన వెంటనే ప్లగ్గు పెట్టి చూడాలనిపిస్తుంది. ఆ పని అసలు చేయకూడదు. లోపలి వైర్ల మీది రబ్బరు, గుడ్డ తొడుగు ఎండి రాలిపోయి ఉంటాయి. ఈ యంత్రం మీద జనం నిలబడతారు, అదీ తరచూ చెప్పులు విడిచి, చెమట కాళ్ళతో, ఇనప మెట్టు మీద. లోపల ఒక్క తీగ పెట్టె గోడకు తగిలినా 230 వోల్టులు నేరుగా కాళ్ళలోకి వస్తాయి. అందుకని పాత వైరింగును రంగులు, చివరలు రాసుకుని పూర్తిగా తీసేసి కొత్తది వేయాలి. పెట్టెకూ మెట్టుకూ విడివిడిగా ఎర్తు తీగ బిగించాలి. కరెంటు కారితే క్షణంలో తెంపే 30 మిల్లీ ఆంపియర్ల రక్షణ స్విచ్చు మీదుగానే సరఫరా ఇవ్వాలి. మోటారు కాయిల్‌కూ పెట్టెకూ మధ్య కరెంటు కారుతోందో లేదో వైండింగు కొట్టులో మెగ్గర్ పెట్టి చూస్తారు. పాతదనాన్ని అలాగే ఉంచాలన్న పట్టుదలను ఈ ఒక్క విషయంలో వదులుకోవాల్సిందే. పాత తీగలు చూడముచ్చటగా ఉన్నా ప్రాణం కంటే ఎక్కువ కావు.

తర్వాత పని విప్పడం. విప్పే ముందు ప్రతి వైపు నుంచీ ఫొటోలు తీయాలి. మురికిని కూడా అలాగే ఫొటో తీయాలి, ఎందుకంటే పోయిన భాగాల ఆచూకీ చాలావరకు ఆ మురికిలోనే దొరుకుతుంది. ఏళ్ల తరబడి ఒక భాగం బిగించి ఉన్నచోట దాని ఆకారంలో రంగు మాయకుండా ఉంటుంది. ఖాళీగా ఉన్న మర రంధ్రాలు దాని వెడల్పును చెబుతాయి. గ్రీజు పేరుకున్న గీత అది ఏ దారిన కదిలేదో చూపిస్తుంది. ఇనప గోడ మీద వంపుగా పడ్డ గీతలుంటే అక్కడ ఏదో చేతి లాంటిది ఊగేదని అర్థం. ఆ వంపుకు కేంద్రం వెతికితే దాని ఇరుసు ఎక్కడ ఉండేదో తెలుస్తుంది. ఇదంతా చూడకుండా మొదటిరోజే కిరోసినుతో శుభ్రంగా కడిగితే ఆ ఆధారాలన్నీ పోతాయి.

పోయిన స్ప్రింగు లెక్క

అన్నిటికంటే ఎక్కువ ఆలోచన కోరేది స్ప్రింగు. అది పోతే ఆ కొలతది ఏ బజారులోనూ దొరకదు. ఏదో ఒకటి తగిలిస్తే అంకెలు అర్థం లేకుండా తిరుగుతాయి. కానీ చుట్టూ ఉన్న భాగాలు మిగిలి ఉంటే అది ఎలాంటిదై ఉండాలో కచ్చితంగా లెక్కగట్టవచ్చు. ఒక ఉదాహరణ తీసుకుందాం. మెట్టు కింది మీటలు బరువును 20లో ఒక వంతుకు తగ్గిస్తాయనుకుందాం. అంటే 100 కిలోల మనిషి ఎక్కితే నిలువు కడ్డీ మీద పడేది 5 కిలోల లాగుడే. ఈ నిష్పత్తిని ఊహించనక్కర్లేదు. మెట్టు మీద 20 కిలోల రాయి పెట్టి, కడ్డీ పైచివర సర్దుకునే తూకం కట్టి సమంగా నిలబెట్టి చూస్తే తెలిసిపోతుంది.

ఇక పైభాగం. కడ్డీకి పళ్ల పట్టీ, ఆ పట్టీ తిప్పే చిన్న పినియన్, పినియన్ ఇరుసు మీదే అంకెల చక్రం ఉంటాయి. పినియన్ వ్యాసం 20 మిల్లీమీటర్లు అనుకుంటే దాని చుట్టుకొలత 62.8 మిల్లీమీటర్లు. చక్రం మీద అంకెలు 120 దాకా ఉండి, సున్నాకూ 120కీ మధ్య చిన్న ఖాళీ మిగిలి ఉంటే, 120 కిలోలకు పట్టీ 60 మిల్లీమీటర్లు దిగాలని తేలుతుంది. 120 కిలోలకు కడ్డీ మీది లాగుడు 6 కిలోలు. అంటే పోయిన స్ప్రింగు కిలోకు 10 మిల్లీమీటర్లు సాగాలి. రెండు స్ప్రింగులు పక్కపక్కన ఉన్న యంత్రమైతే ఒక్కొక్కటి కిలోకు 20 మిల్లీమీటర్లు సాగాలి. స్ప్రింగు సాగుడు లాగిన బలానికి తగ్గట్టే ఉంటుందని రాబర్ట్ హుక్ 1678లో ప్రకటించిన నియమమే ఈ లెక్కకంతటికీ మూలం.

లెక్క తేలాక చుట్టించడం మరో సంగతి. స్ప్రింగు బిగువు తీగ వ్యాసపు నాలుగో ఘాతం మీద ఆధారపడుతుంది. 2 మిల్లీమీటర్ల తీగకు బదులు 2.1 తీగ వాడితే చేతికి తేడా తెలియదు, కానీ స్ప్రింగు సుమారు 22 శాతం బిగుసుకుంటుంది. అప్పుడు 60 కిలోల మనిషి 49 కిలోల కాడికి దిగిపోతాడు. చుట్ల వ్యాసం పెరిగితే బిగువు దాని మూడో ఘాతం చొప్పున తగ్గుతుంది. చుట్ల సంఖ్య ప్రభావం మాత్రం సూటిగా ఉంటుంది: చుట్లు పెరిగేకొద్దీ అదే లెక్కన మెత్తబడుతుంది. అందువల్ల సరి చేసుకోవడానికి అనువైనది చుట్ల సంఖ్యే. అనుభవమున్నవాళ్ళు కావలసినదానికంటే నాలుగైదు చుట్లు ఎక్కువ వేయించి, తూకం రాళ్ళు వేలాడదీసి చూస్తూ కొద్దికొద్దిగా తగ్గిస్తారు. తగ్గించిన చుట్టును మళ్ళీ కలపలేరు కనుక ఈ పనికి తొందర పనికిరాదు. తీగ కూడా స్ప్రింగు ఉక్కుదే అయి ఉండాలి. మామూలు ఇనప తీగ రెండు రోజులు బాగానే చెబుతుంది, తర్వాత సాగినది వెనక్కి రాదు.

స్ప్రింగు ఉండి అంకెల చక్రం పోతే ఇదే లెక్కను తిరగేయాలి. పై ఉదాహరణలో చక్రం వ్యాసం 120 మిల్లీమీటర్లైతే ఒక్కో కిలోకు అంచు మీద సరిగ్గా 3 మిల్లీమీటర్ల చోటు వస్తుంది. అంత జాగాలో చదవడానికి వీలైన అంకె పడుతుంది. ఆ అంకెలు ఎత్తుగా, తిరగేసి ఉండాలి, టికెట్టు మీద సూటిగా పడేందుకు. ఒకప్పుడు దీన్ని ఇత్తడిలో పోత పోసి చెక్కేవాళ్ళు. ఇప్పుడు కంప్యూటరులో గీసి త్రీడీ ప్రింటరు మీద గట్టి ప్లాస్టిక్కుతో తీయడం చవక. కానీ ప్లాస్టిక్ చక్రం తేలిక. దాని బరువు మారితే ఊగుడు కూడా మారుతుంది కనుక, ఊగుడు ఆపే నూనె డబ్బాలోని బిళ్ళను కూడా మళ్ళీ సర్దాలి. ఆ నూనె డబ్బా చాలా యంత్రాల్లో ఎండిపోయి ఉంటుంది. పల్చటి నూనె పోస్తే చక్రం ఎంతకీ ఆగదు, చిక్కటిది పోస్తే మత్తుగా కదిలి సమయానికి అసలు అంకె దాకా చేరదు. ఇంజన్ ఆయిలు రకాలు మార్చి చూసి కుదుర్చుకోవడమే దీనికి పద్ధతి.

మీటల కింద కత్తి అంచులా చెక్కిన ఉక్కు ముక్కలుంటాయి. మెట్టు బరువంతా ఆ సన్నటి అంచుల మీద ఆనుతుంది. అవి మొద్దుబారితే ఒకే మనిషి దిగి ఎక్కితే వేరే బరువు వస్తుంది. అరగదీసి పదును పెట్టవచ్చు. కానీ అంచు ఉన్న చోటు మారకూడదు. 30 మిల్లీమీటర్ల మీటలో అంచు 0.3 మిల్లీమీటర్లు జరిగినా తూకం ఒక శాతం మారుతుంది. 60 కిలోల మనిషికి అది 600 గ్రాములు. ఈ పనిని లేతు కొట్టుకు ఇవ్వడం కంటే కాటాలు బాగుచేసే చేతికి ఇవ్వడమే మంచిది. లేతు పనివారికి కొలత తెలుసు, కాటా పనివారికి ఆ అంచు ఎందుకుందో కూడా తెలుసు.

ఒక్క చుట్టు తిరిగి ఆగడం

బిళ్ళ పడినప్పుడు ఒక సన్నటి చేతిని తాకి క్షణం పాటు స్విచ్చును కలుపుతుంది. ఆ క్షణం మోటారు కదలడానికి చాలు, పని పూర్తికావడానికి చాలదు. అందుకని మోటారు తిప్పే ప్రధాన కడ్డీ మీద ఒక క్యామ్ ఉంటుంది. కడ్డీ కాస్త తిరగగానే ఆ క్యామ్ రెండో స్విచ్చును నొక్కి పట్టి కరెంటు సాగనిస్తుంది. చుట్టు పూర్తయ్యాక క్యామ్‌లోని గంటు స్విచ్చు కిందికి వస్తుంది, స్విచ్చు వదులుతుంది, మోటారు ఆగుతుంది. జూదపు యంత్రమైనా, బరువు మిషనైనా ఇలాగే ఒక్క బిళ్ళకు ఒక్క చుట్టు. బిళ్ళ వేస్తే మోటారు ఆగకుండా తిరుగుతోందంటే గంటు అరిగిందనో రెండో స్విచ్చు అతుక్కుపోయిందనో తెలుసుకోవచ్చు. బిళ్ళ వేస్తే ఒక్కసారి వణికి ఆగిపోతే రెండో స్విచ్చుకు కరెంటు అందడం లేదని అర్థం.

అదే కడ్డీ మీద మిగతా క్యామ్‌లు వరసగా పనిచేస్తాయి. మొదట ఒక పన్ను వచ్చి అంకెల చక్రాన్ని కదలకుండా పట్టుకుంటుంది. తర్వాత తోపుడు పలక గొట్టంలోని టికెట్ల దొంతరలో అడుగు టికెట్టును ముందుకు నెడుతుంది. చిన్న సుత్తి రిబ్బను మీదుగా దాన్ని అంకెకు ఒత్తుతుంది. టికెట్టు తొట్టిలో పడ్డాకే పన్ను చక్రాన్ని వదులుతుంది. ఒక క్యామ్ పోతే కాగితం మీద 360 డిగ్రీల వృత్తం గీసి, ఉన్న క్యామ్‌లు ఏ డిగ్రీ నుంచి ఏ డిగ్రీ దాకా పనిచేస్తున్నాయో రాయాలి. వాటి మధ్య మిగిలిన ఖాళీయే పోయినదాని పని సమయం. మొదట దళసరి అట్టతో కోసి, చేత్తో కడ్డీ తిప్పి చూసుకుని, కుదిరాకే ఇనుములో చేయించాలి. అట్ట మీద పది తప్పులు చేసినా నష్టం లేదు.

మోటారు పోతే దాని వేగాన్నీ ఇలాగే రాబట్టాలి. మన 50 హెర్ట్జ్ కరెంటు మీద నాలుగు ధ్రువాల చిన్న మోటారు లోడుతో నిమిషానికి సుమారు 1400 చుట్లు తిరుగుతుంది. గేరుపెట్టె 140కి ఒకటి చొప్పున తగ్గిస్తే కడ్డీ నిమిషానికి 10 చుట్లు, అంటే టికెట్టుకు 6 సెకన్లు. గేర్ల పళ్ళు లెక్కపెడితే కావలసిన మోటారు తెలిసిపోతుంది. అమెరికా నుంచి తెచ్చిన యంత్రమైతే జాగ్రత్త ఇంకో రకం. అక్కడి మోటారు 60 హెర్ట్జ్‌కు చేసింది. ట్రాన్స్‌ఫార్మరు పెట్టి వోల్టేజీ తగ్గించినా ఇక్కడ అది ఆరింట ఐదు వంతుల వేగంతోనే తిరుగుతుంది, పైగా వేడెక్కుతుంది.

టికెట్ల గొట్టం అడుగున ఉండే సందు చిన్న విషయమే, కానీ యంత్రాన్ని ఎక్కువగా మొరాయింపజేసేది అదే. పాత రైలు టికెట్టు లాంటి అట్ట దళసరి 0.8 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. సందు 1.2 ఉంటే ఒక్క టికెట్టే జారుతుంది. 1.6 దాటితే రెండేసి వస్తాయి. పెళ్లి పత్రికలు వేసే ప్రెస్సులో అట్ట దొరుకుతుంది, కోత కూడా అక్కడే. వానాకాలం తేమకు అట్ట ఉబ్బుతుందని మాత్రం గుర్తుంచుకోవాలి.

ఏ బిళ్ళ వేయాలి?

నాణెం గాడి పనిచేసేది ప్రధానంగా వ్యాసాన్ని చూసి. చిన్న బిళ్ళ పక్క సందులోంచి జారి తిరిగొచ్చే గిన్నెలో పడుతుంది, పెద్దది దూరదు. యంత్రం పావలాకు చేసినదైతే ఆ నాణెం 2011 జూన్ 30 నుంచి చెల్లదు. అర్ధ రూపాయికో రూపాయికో చేసినదైతే అదృష్టం బాగున్నట్టే. 1988 తర్వాతి స్టీలు అర్ధ రూపాయి వ్యాసం 22 మిల్లీమీటర్లు, బరువు 3.79 గ్రాములు. 2011లో వచ్చిన రూపాయి బిళ్ళ కూడా అంతే. 1992 నుంచి వచ్చిన స్టీలు రూపాయి 25 మిల్లీమీటర్లు, 4.85 గ్రాములు. 2011 నాటి రెండు రూపాయల బిళ్ళ కొలతలు కూడా అవే. అంటే పాత అర్ధ రూపాయి గాడి ఈ రూపాయిని, పాత రూపాయి గాడి ఈ రెండు రూపాయల బిళ్ళను ఏ మార్పూ లేకుండా తీసుకునే అవకాశముంది. 2019 నుంచి వచ్చిన వరస మళ్ళీ వేరు: రూపాయి 20, రెండు 23, ఐదు 25 మిల్లీమీటర్లు.

ఇంకో చిక్కు అయస్కాంతంతో. కొన్ని నాణెం గాడుల్లో ఇనప బిళ్ళలతో మోసం చేయకుండా చిన్న అయస్కాంతం పెడతారు. రాగి, నికెలు కలిపిన పాత నాణేలు దాని పక్కగా జారిపోయేవి. స్టీలు నాణేలను మాత్రం అది పట్టేసుకుంటుంది. బిళ్ళ మింగేసి టికెట్టు ఇవ్వని యంత్రంలో ముందు వెతకాల్సింది దీన్నే. గాడి మొత్తం పోతే ఇత్తడి రేకుతో కొత్తది చేయించి, జారుడు వాలును కాస్త కాస్త మారుస్తూ కుదర్చాలి. బిళ్ళను అరగదీసి గాడికి సరిపెట్టడం తగదు. నాణేలను కరిగించడాన్నీ ధ్వంసం చేయడాన్నీ 2011 నాటి నాణేల చట్టం నిషేధించింది.

పైపూత విషయంలో చేయి అదుపులో పెట్టుకోవడం మేలు. లారీ పెయింటర్ల చేతిలో పెడితే రెండు రోజుల్లో పెట్టె కొత్తగా మెరుస్తుంది. చేత్తో రాసిన పాత అక్షరాలు దానితోపాటే పోతాయి. తుప్పు ఉన్నంత మేరే గోకి, కింద పూత వేసి, అదే రంగు అద్ది ఊరుకోవాలి. అక్షరాల మీద మెత్తటి గుడ్డతో సబ్బునీళ్ళకు మించి ఏదీ పనికిరాదు. దీపాలకు మాత్రం వేడెక్కని ఎల్‌ఈడీలు వాడవచ్చు. పాత బల్బుల వేడికి అద్దం మీది రంగు పెళుసుబారుతుంది.

చివరి పరీక్ష మీటల దగ్గరే. ముద్ర వేసిన 20 కిలోల తూకం రాళ్ళు ఒక్కొక్కటే మెట్టు మీద పెడుతూ 100 దాకా వెళ్ళి, మళ్ళీ ఒక్కొక్కటే తీస్తూ రావాలి. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ అదే అంకె రాకపోతే ఎక్కడో రాపిడి ఉంది. తర్వాత ఒకే బరువును మెట్టు నాలుగు మూలల్లో పెట్టి చూడాలి. ఒక మూలన తేడా వస్తే ఆ వైపు అంచు ముక్క సరిగ్గా కూర్చోలేదు. ఎత్తుపల్లాల నేల మీద ఏ యంత్రమూ నిజం చెప్పదు కనుక మట్టం చూసి కాళ్ళ మరలు బిగించాకే ఈ పరీక్ష.

ఇంట్లో చూసుకోవడానికైతే ఇంతటితో సరి. జనం దగ్గర డబ్బు తీసుకుని బరువు చెప్పాలంటే 2009 నాటి తూనికలు కొలతల చట్టం వర్తిస్తుంది. తూనికల శాఖ అధికారి పరీక్షించి ముద్ర వేయాలి, గడువుకోసారి మళ్ళీ వేయించుకోవాలి. తూకం పరికరాల మరమ్మతును వృత్తిగా చేసేవాళ్ళకు కూడా ఆ చట్టం కింద లైసెన్సు ఉండాలి. అందువల్ల స్ప్రింగు, మీటల పనిని లైసెన్సున్న కాటా పనివారి చేత చేయిస్తే తర్వాతి దారి సుగమం.

పని ముగిసేలోపే ఒక పుస్తకం రాసి తలుపు లోపలి వైపు పెట్టాలి. ఏ భాగం అసలుది, ఏది కొత్తది, స్ప్రింగు తీగ మందం ఎంత, చుట్లు ఎన్ని, గేర్ల పళ్ళు ఎన్ని, ఏ నూనె పోశారు అన్నీ అందులో ఉండాలి. కొత్తగా చేయించిన ప్రతి ముక్క మీదా కనిపించని వైపు సంవత్సరం అంకెలు కొట్టించాలి. విరిగిన పాత ముక్కలను పారేయకుండా గుడ్డ సంచిలో కట్టి పెట్టె అడుగునే ఉంచాలి. రేపు మరో చేతికి వచ్చినప్పుడు కొలత తీసుకోవడానికి అవే ఆధారం.